కరెంటు లైన్ పనికి గల్ఫ్ పోతున్నారా? ముందు నిద్ర లెక్క చూసుకోండి

మా వైపు పెద్దవాళ్లు బొంబాయి, బొగ్గుబాయి, దుబాయి అంటుండేవాళ్లు. ఉత్తర తెలంగాణలో పుట్టినవాడి బతుకుదెరువు ఈ మూడింట్లో ఏదో ఒకటని అర్థం. నాకు మూడోది పడింది. హన్మకొండలో ఐటీఐ ఎలక్ట్రీషియన్ చేసి, హసన్‌పర్తి, ఎల్కతుర్తి వైపు కాంట్రాక్టర్ కింద నాలుగేళ్లు 11 కేవీ లైన్లు లాగి, జేఎల్ఎం (జూనియర్ లైన్‌మన్) నోటిఫికేషన్ కోసం చూసి చూసి, చివరికి సౌదీ ఎక్కాను. అక్కడ ఐదేళ్లు, తర్వాత ఎమిరేట్స్‌లో (దుబాయి ఉన్న దేశం) నాలుగేళ్లు. ఇప్పుడు ఊళ్లోనే ఉంటున్నాను.

వారానికి ఒకరిద్దరు పిల్లలు మా ఇంటికి వస్తుంటారు. "అన్నా, జీతం ఎంత వస్తది, ఓటీ (ఓవర్‌టైం) ఉంటదా?" ఇదే అడుగుతారు. డ్యూటీ ఎన్ని గంటలు, నిద్రకు ఎంత మిగులుతుంది, ఇంటికి ఎప్పుడు పంపుతారు అని అడిగినవాడు ఇప్పటిదాకా ఒక్కడే. వాడు కూడా పెళ్లి కుదిరింది కాబట్టి అడిగాడు. నాకు అడగాల్సినవి ఏమిటో తెలిసేసరికి మూడేళ్లు పోయాయి కాబట్టి, అవన్నీ ఒక దగ్గర రాసి పెడుతున్నాను.

ముందు నా కథ ఒకటి చెప్పాలి, లేకపోతే నిద్ర గురించి ఇంత గోల ఎందుకో అర్థం కాదు. సౌదీలో మూడో ఏడు. 33 కేవీ డబుల్ సర్క్యూట్ లైన్ (ఒకే స్తంభాల మీద రెండు లైన్లు), ఒక సర్క్యూట్ బంద్ చేసి ఇన్సులేటర్లు (తీగ కరెంటు పోల్‌కు రాకుండా ఆపేవి) మారుస్తున్నాం, పక్క సర్క్యూట్‌లో కరెంటు ఉంది. ఇలాంటి చోట బంద్ చేసిన లైన్‌లో కూడా పక్క లైన్ వల్ల ఇండక్షన్ ఓల్టేజ్ వస్తుంది, అందుకే పని చేసే చోటుకు రెండు వైపులా ఎర్త్ వేయాలి, అంటే లైన్‌ను భూమికి కలపాలి. ఇది నాకు కొత్త కాదు, ఎల్సీ (లైన్ క్లియర్, అంటే లైన్ బంద్ చేశామన్న అనుమతి) తీసుకుని డిస్చార్జ్ రాడ్ (లైన్‌లో మిగిలిన కరెంటును భూమికి పంపే కర్ర) తగిలించకుండా పోల్ ముట్టుకోవద్దని ఊళ్లోనే నేర్చుకున్నాను. కానీ ఆ రోజుకు వరసగా 19 రోజులు, రోజుకు 13 గంటలు పని చేసి ఉన్నాను, సెలవు రోజైన శుక్రవారం కూడా డబుల్ జీతం కోసం వెళ్లాను. ఒక వైపు ఎర్త్ వేశాను, రెండో వైపు వేశాననుకున్నాను. నిజంగా వేసినట్టే గుర్తు. కింద నుంచి బిహారీ ఫోర్‌మన్ అరిచిన అరుపుకు ఆగాను, చూస్తే రెండో సెట్ బండిలోనే ఉంది. ఏం కాలేదు. ఆ రోజు సాయంత్రం రూమ్‌లో ఎవరికీ చెప్పలేదు, ఇంటికి అసలే చెప్పలేదు.

17 గంటలు మేలుకుని ఉన్న మనిషి చేతులు, బుర్ర, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి లాగా పని చేస్తాయని తర్వాత ఒక సేఫ్టీ ట్రైనింగ్‌లో విన్నాను. తాగి పోల్ ఎక్కేవాణ్ణి ఎవరైనా ఆపుతారు. నిద్ర లేకుండా ఎక్కేవాడికి మాత్రం ఓటీ రాస్తారు.

కాగితం దగ్గరే సగం తేలిపోతుంది

అక్కడికి పోయాక ఎట్లా సర్దుకోవాలి అని చాలామంది ఆలోచిస్తారు. సర్దుకునేంత జాగా ఉందా లేదా అన్నది ఒప్పందంలోనే రాసి ఉంటుంది. సంతకం పెట్టే ముందు జీతం అంకె చూసి ఆగిపోకండి. బేసిక్ ఎంత, అలవెన్సులు ఎంత, డ్యూటీ ఎన్ని గంటలు, వారానికి సెలవు ఏ రోజు, లీవ్ ఏడాదికా రెండేళ్లకా, టికెట్ ఎవరిది, ఎమర్జెన్సీ స్టాండ్‌బై డ్యూటీ (ఎప్పుడు పిలిచినా పోవడానికి సిద్ధంగా ఉండడం) ఉంటే దానికి డబ్బులు ఎలా లెక్క కడతారు, ఇవి చూడండి. స్టాండ్‌బై మాట లైన్ పనివాళ్లకే ప్రత్యేకం, మేస్త్రీ పనికో డ్రైవింగ్‌కో పోయే మీ దోస్తు దీని గురించి చెప్పలేడు.

బేసిక్ ఎందుకు అంత ముఖ్యమో ఒక లెక్క వేసి చూపిస్తాను. ఎమిరేట్స్ చట్టంలో రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు డ్యూటీ. దానిపైన చేస్తే గంట బేసిక్‌కు 25 శాతం కలిపి ఇవ్వాలి, రాత్రి 10 నుంచి తెల్లవారుజాము 4 మధ్య అయితే 50 శాతం. మామూలుగా రోజుకు రెండు గంటలకు మించి ఓటీ చేయించకూడదు. ఇప్పుడు ఇద్దరికి 1,800 దిర్హాములే జీతం అనుకుందాం. ఒకడికి బేసిక్ 1,200, ఇంకొకడికి బేసిక్ 700, మిగతాది అలవెన్సు. మొదటివాడికి గంటకు 5 దిర్హాములు, ఓటీ గంటకు 6.25. రోజుకు రెండు గంటల చొప్పున 26 రోజులు చేస్తే 325 దిర్హాములు. రెండోవాడు అంతే చెమట కార్చి తెచ్చుకునేది 190. దిగిపోయేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ కూడా బేసిక్ మీదే, మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్. ఒకడికి ఏడాదికి 840, ఇంకొకడికి 490. జీతం ఒకటేనని ఇద్దరూ విమానంలో పక్క పక్కనే కూర్చుని పోతారు. సౌదీలో ఓటీకి గంట జీతంతో పాటు గంట బేసిక్‌లో సగం కలుపుతారు, లీవ్ ఏడాదికి 21 రోజులు, ఒకే కంపెనీలో ఐదేళ్లు దాటితే 30. ఎమిరేట్స్‌లో ఏడాది నిండితే 30.

ఈ అంకెలు తెలిసి ఉంటే ఓటీ మీద మోజు కొంత తగ్గుతుంది. నాకు తగ్గింది. నెలకు 52 గంటల నిద్ర అమ్మితే చేతికి వచ్చేది ఎంతో తెలిశాక, వారంలో ఏ రోజులు అమ్మాలి, ఏవి అమ్మకూడదు అని లెక్క వేసుకోవడం మొదలుపెట్టాను.

ఐటీఐ చేసిన మనకు ఒక చిక్కు ఉంది. పదో తరగతి పాసయ్యాం కాబట్టి పాస్‌పోర్టు ఈసీఎన్ఆర్ వస్తుంది, అంటే పోయే ముందు ప్రభుత్వం ఇచ్చే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అక్కర్లేదు. వినడానికి సుఖంగానే ఉంటుంది, కానీ మధ్యలో ఆపి కాగితం చూసేవాడు లేడు, అంతా మనమే చూసుకోవాలి. ఏజెంట్ పేరు, రిజిస్ట్రేషన్ నంబరు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైట్‌లో ఉన్నాయా చూడండి. లేకపోతే లేచి వచ్చేయండి. చట్ట ప్రకారం ఏజెంట్ తీసుకోవాల్సింది 30,000 రూపాయలు, పైన జీఎస్టీ, అంతే. తెలంగాణ ప్రభుత్వానికి టామ్‌కామ్ అనే సంస్థ ఉంది, విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపుతుంది, అక్కడ ఒకసారి అడిగితే పోయేది లేదు. ఈసీఆర్ పాస్‌పోర్టు (ఆ క్లియరెన్స్ కావాల్సిన పాస్‌పోర్టు) వాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి, రెండేళ్లకు 275 రూపాయలకు 10 లక్షల కవర్. ఏ పాస్‌పోర్టు అయినా సరే, ఎత్తు మీద, కరెంటు మీద పని అని నిజం చెప్పి ఒక టర్మ్ పాలసీ తీసుకోండి. పని దాచి తీసుకున్న పాలసీ ఇంట్లో వాళ్లకు అక్కరకు రాదు.

విజిట్ వీసా మీద పోయి అక్కడ మార్చుకుందాం అంటే వద్దు. ఆ దారిలో పోయినవాళ్లు కల్లివెల్లి (కాగితాలు లేనివాళ్లు) అయి, దాక్కుని పని చేస్తూ, తల్లి చనిపోతే కూడా రాలేకపోయినవాళ్లు మా మండలంలోనే ఉన్నారు. కాగితం లేనివాడికి సెలవు రోజు ఉండదు, అడిగే నోరు ఉండదు.

సౌదీకి ఎలక్ట్రీషియన్ వీసా అయితే ఇక్కడే స్కిల్ టెస్ట్ పాస్ కావాలి. ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఇంకో తలనొప్పి. మనలో చాలామంది కాంట్రాక్టర్ల కింద చేసినవాళ్లమే, నాలుగేళ్లు పోల్స్ పాతి లైన్లు లాగినా చేతిలో ఒక్క ముక్క కాగితం ఉండదు. పని మానేసే రోజు వరకు ఆగకుండా ప్రతి వర్క్ అయిపోగానే ఏ ఓల్టేజ్, ఎన్ని కిలోమీటర్లు, ఏ నెల నుంచి ఏ నెల వరకు అని రాయించి సంతకం, స్టాంపు తీసుకోండి. లైన్‌మన్ అని రుజువు లేకపోతే హెల్పర్ వీసా మీద పోతారు, హెల్పర్ జీతానికి లైన్‌మన్ పని చేస్తారు. ఆ తేడాను పూడ్చుకోవడానికే ఓటీల వెంట పడతారు.

అప్పు ఉన్నవాడికి ఆదివారం లేదు

నేను పోయేటప్పుడు రెండు లక్షలు రెండు రూపాయల వడ్డీకి తెచ్చాను. నెలకు 4,000 వడ్డీకే. మొదటి ఏడాదంతా నా ఓటీ డబ్బులు పోయింది అక్కడికే, అసలు అట్లాగే ఉంది. జ్వరం వచ్చినా డ్యూటీకి వెళ్లాను. అందుకే ఎవరైనా వచ్చి "అన్నా, నెలలో పోతున్నా" అంటే, అప్పు తేకుండా పోగలిగేదాకా ఆరు నెలలు ఆగమంటాను. ఎవరూ వినరు, అది వేరే సంగతి. కనీసం బంగారం కుదువ పెట్టి బ్యాంకులో తీసుకుంటే వడ్డీ సగానికి సగం తగ్గుతుంది.

ఇంకొకటి, ఇంటికి నెలకు ఎంత పంపుతారో పోయే ముందే ఇంట్లో కూర్చుని తేల్చండి. మీ జీతం మొత్తం ఎంతో భార్యకు తెలియాలి, బాపుకు, అన్నదమ్ములకు తెలియాల్సిన పని లేదు. చెల్లె పెళ్లి, బావి పూడిక, బామ్మర్ది బండి, అన్నీ మన ఓటీలోంచే తీయాలని చూస్తారు. తప్పు వాళ్లది కూడా కాదు, మనం మొదటి లీవుకు వచ్చినప్పుడు సెంటు కొట్టుకుని, చేతికి గడియారం పెట్టుకుని ఊరంతా తిరిగితే వాళ్లకు ఏం తెలుస్తుంది? ఎన్ఆర్ఈ ఖాతా (విదేశంలో ఉన్నవాళ్ల బ్యాంకు ఖాతా) తెరిచి, ఇంటి ఖర్చుకు ఒక అంకె, చిట్టీకి ఒక అంకె, మిగతాది కదపకుండా పెట్టుకోండి.

మొదటి రెండు వారాలు హీరోలు కాకండి

రామగుండం ఎండ చూసినవాళ్లం, మనకు ఎండ ఒక లెక్కా అనుకుంటాం. నేనూ అట్లనే అనుకున్నాను. మన ఎండ పొడి ఎండ. దమ్మామ్, జెద్దా, దుబాయి లాంటి సముద్రం పక్క ఊళ్లలో జులై, ఆగస్టులో గాలిలో తేమ ఎంత ఉంటుందంటే చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. పైన హెల్మెట్, ఫుల్ బాడీ హార్నెస్, మందపాటి కవరాల్, గ్లవ్స్. కొత్తగా వచ్చినవాడికి మొదటి రోజు ఎండ పని మామూలు దాంట్లో 20 శాతమే ఇచ్చి, రోజుకు ఇంకో 20 శాతం చొప్పున పెంచుతూ పోవాలి అన్నది సేఫ్టీలో మామూలు రూల్. ఒంటికి పూర్తిగా అలవాటు కావడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. లీవుకు వచ్చి నెల తర్వాత తిరిగి పోయినా మళ్లీ మొదటి నుంచే, ఇది పాతవాళ్లు కూడా మర్చిపోతారు.

దాహం వేసేదాకా ఆగకుండా 15, 20 నిమిషాలకు ఒక గ్లాసు నీళ్లు తాగండి. మూత్రం పచ్చగా వస్తే తాగింది చాలడం లేదని అర్థం. ఓఆర్ఎస్ పొట్లాలు జేబులో ఉండాలి. లబన్ అని అక్కడ మజ్జిగ దొరుకుతుంది, మన ప్రాణానికి అది చాలా మేలు. ఎనర్జీ డ్రింకులు మాత్రం వద్దు, రూమ్‌లో కుర్రాళ్లు రెండు మూడు డబ్బాలు తాగి డ్యూటీకి పోతారు, సాయంత్రం గుండె దడ అంటారు, రాత్రి నిద్ర రాదంటారు.

మధ్యాహ్నం బ్రేక్ చట్టం అన్ని చోట్లా ఉంది. సౌదీలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు 12 నుంచి 3, ఎమిరేట్స్‌లో అవే తేదీల్లో 12.30 నుంచి 3, ఖతర్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 వరకు పొద్దున 10 నుంచి 3.30. అయితే ఎమిరేట్స్ రూల్‌లో ఒక మినహాయింపు సరిగ్గా మన నెత్తిమీదే ఉంది. కరెంటు సప్లై ఆగిపోయి జనానికి ఇబ్బంది అయితే ఆ రిపేరు బ్రేక్ టైంలో కూడా చేయించవచ్చు, నీళ్లు, నీడ లాంటివి ఇవ్వాలన్న షరతుతో. కాబట్టి ఎండాకాలం మధ్యాహ్నం పడుకోవచ్చులే అనుకుని రాత్రి సినిమాలు చూడకండి. బ్రేక్ డౌన్ ఏ టైంకు వస్తుందో మన చేతిలో లేదు.

బ్రేక్ డౌన్ ఎప్పుడు వస్తుందో కొంత ఊహించవచ్చు మాత్రం. ఎడారిలో ఇన్సులేటర్ల మీద దుమ్ము, సముద్రం పక్కన ఉప్పు పేరుకుంటుంది. ఎండినంతసేపు ఏం కాదు. తెల్లవారుజామున మంచు పడి ఆ పొర తడిస్తే కరెంటు దాని మీదుగా పాకుతుంది, ఫ్లాష్ ఓవర్ అయి లైన్ ట్రిప్ అవుతుంది. అంటే ఫోన్ మోగేది నాలుగింటికో ఐదింటికో, అసలు గాఢ నిద్ర టైంలో. వానలు లేక చాలా రోజులై, మంచు పడే సీజన్‌లో స్టాండ్‌బై ఉంటే నేను రాత్రి తొమ్మిదికే పడుకునేవాణ్ణి. రూమ్‌లో నవ్వేవాళ్లు, కోళ్ల లెక్క పడుకుంటడు అని.

నిద్రకు జాగా చేసుకోవడం

క్యాంపు రూమ్‌లో ఆరుగురు, ఎనిమిది మంది ఉంటారు, ఒకడు నైట్ డ్యూటీ, ఒకడు పొద్దున నాలుగుకు లేచేవాడు, ఒకడు ఇంటితో స్పీకర్‌లో కొట్లాడేవాడు. కింద బెడ్ దొరికితే చుట్టూ మందపాటి పరదా కట్టుకోండి. చెవుల్లో పెట్టుకునే ప్లగ్గులు సైట్‌లో ఫ్రీగా ఇస్తారు, అవి తెచ్చుకోండి. డ్యూటీ టైం కలిసే వాళ్లు ఒక రూమ్‌లో ఉండేలా క్యాంప్ బాస్‌ను అడగండి. మేము అడిగాం, రెండు నెలలు పట్టింది, కానీ చేశాడు. అడిగే పద్ధతి ఉంటుంది, మా ఫోర్‌మన్‌తో చెప్పించాం, నిద్ర లేక యాక్సిడెంట్ అయితే సేఫ్టీ ఆడిట్‌లో రాస్తారు అని. మనిషి బాధ చెబితే వినని ముదీర్ (మేనేజర్) ఆడిట్ పేరు చెబితే వింటాడు.

ఓటీకి నేను పెట్టుకున్న నియమం ఇది. వారంలో నాలుగు రోజులు ఓటీ చేస్తాను, రెండు రోజులు చేయను, జుమ్మా (శుక్రవారం) రోజు అసలే చేయను. స్టాండ్‌బైలో రాత్రి పిలిస్తే మరుసటి పొద్దున హైట్ పని చేయనని ముందే చెప్పేస్తాను, కింద పని ఇవ్వండి అంటాను. మొదట్లో సూపర్‌వైజర్ గొణిగాడు. పని మొదలుపెట్టే ముందు ఇచ్చే పర్మిట్ కాగితం మీద "పని చేయడానికి ఫిట్‌గా ఉన్నాను" అని నేను సంతకం పెట్టాలి కదా, ఆ సంతకం పెట్టను అన్నాను. గొడవ పెట్టుకోకుండా, గొంతు పెంచకుండా అనాలి. వర్క్ పర్మిట్ పద్ధతి మన ఎల్సీ కంటే గట్టిది, తాళాలు, ట్యాగులు, టెస్ట్, ఎర్త్, సంతకాలు. కొత్తలో ఇదంతా లొల్లి అనిపిస్తుంది, తర్వాత తెలుస్తుంది అలసినవాడికి ఉన్న ఒకే ఒక్క ఆసరా అదని. ఊళ్లో ఎల్సీ ఫోన్‌లో తీసుకుని ఎక్కిన అలవాటు విమానం ఎక్కే ముందే వదిలేయండి.

ఇంకో చిన్న మాట. దుబాయి లాంటి సిటీల్లో ఎక్కువగా భూమిలోపలి కేబుళ్లే. ఓటీ లేకుండా జీతం పెరగాలంటే కేబుల్ జాయింటింగ్ (కేబుళ్లను అతికే పని) నేర్చుకోండి, జాయింటర్‌కు లైన్‌మన్ కంటే గిరాకీ ఉంటుంది, ఎత్తు మీద పని తక్కువ, నలభై దాటాక ఒళ్లు కూడా ఒప్పుకుంటుంది. నేను రెండు ఓటీ లేని సాయంత్రాలు దీనికే పెట్టాను. ఏడాది తర్వాత పెరిగిన బేసిక్, మూడేళ్లు ఓటీ చేసినా వచ్చేది కాదు.

ఇంటితో మాట్లాడడం ఒక డ్యూటీ లాంటిదే

మా అమ్మకు కంటి ఆపరేషన్ అయిన సంగతి నాకు పది రోజుల తర్వాత తెలిసింది. కోపం వచ్చి అడిగితే మా ఆవిడ ఒకటే మాట అంది, "నువ్వు ఫోన్ ఎత్తితే ఊ, ఆ తప్ప ఏమంటవ్? నిద్రల మాట్లాడినట్టు ఉంటది. నీకు చెప్పి ఏం చేయాలె?" నిజమే. రోజూ రాత్రి పదిన్నరకు, ఒళ్లు హూనమై, కళ్లు మూతలు పడుతుంటే ఫోన్ చేసేవాణ్ణి. ఇక్కడ మన టైం ప్రకారం రాత్రి ఒంటిగంట. ఆమె కూడా నిద్రలోంచే లేచేది. ఇద్దరు నిద్రమొహాలు రోజూ పది నిమిషాలు "తిన్నవా, తిన్న" అనుకుని పెట్టేసేవాళ్లం.

టైం తేడా మీద కొంచెం బుర్ర పెట్టండి. సౌదీ, ఖతర్, కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనుక, ఎమిరేట్స్, ఒమన్ గంటన్నర వెనుక. ఎండాకాలం బ్రేక్‌లో మధ్యాహ్నం 2 గంటలకు సౌదీ నుంచి ఫోన్ చేస్తే ఇక్కడ నాలుగున్నర. మా పిల్లలు బడి బస్సు దిగే టైం. బ్యాగు పడేసి ఉన్న కోపం, సంతోషం అంతా అప్పుడే చెబుతారు, రాత్రి అడిగితే "ఏం లేదు" అంటారు. ఐదు నిమిషాలు చాలు. భార్యతో అసలు మాటలు గురువారం రాత్రి, మరుసటి రోజు డ్యూటీ ఉండదు కాబట్టి, గంటైనా సరే. డబ్బుల సంగతి ఆ గంటలో మొదటి పది నిమిషాల్లోనే తేల్చేసి పక్కన పెట్టాలి, లేకపోతే అంతా దానికే పోతుంది. ఎమిరేట్స్‌లో వాట్సాప్ మెసేజీలు పోతాయి కానీ కాల్స్ కలవవు, బోటిమ్ లాంటి పర్మిషన్ ఉన్న యాప్ ఇక్కడ ఇంట్లో వాళ్ల ఫోన్‌లో కూడా ఎక్కించి, వాడడం చూపించి పోండి.

పోల్ మీద ఉన్నప్పుడు ఫోన్ తీయనని, తీయకపోతే భయపడొద్దని ఇంట్లో గట్టిగా చెప్పండి. అర్జెంటు అయితే ఫోర్‌మన్ నంబరుకు చేయమని ఆ నంబరు రాసిచ్చి పోండి. ఇంట్లో గొడవ జరిగిన ఫోన్ పెట్టేసి నేరుగా పోల్ ఎక్కడం కంటే ప్రమాదం ఇంకొకటి లేదు, అలాంటి రోజు ఎవరితోనైనా పని మార్చుకోండి.

జుమ్మా

వారానికి ఒక్క రోజు. బట్టలు ఉతకడం, వంట వంతు, క్షవరం, డబ్బులు పంపడం, వీటితోనే సగం అయిపోతుంది. పనులన్నీ గురువారం సాయంత్రానికే సగం లాగేస్తే శుక్రవారం కొంచెం మిగులుతుంది. మా రూమ్‌లో మెస్ పెట్టుకుని, వంతుల ప్రకారం వండేవాళ్లం, జగిత్యాల నుంచి వచ్చిన ఒకతను సర్వపిండి చేసేవాడు, ఆ వాసనకు పక్క రూముల వాళ్లు గిన్నెలు పట్టుకుని వచ్చేవాళ్లు. కుబూస్, ఖీమాతో ఏళ్లు గడిపితే కడుపు పాడవుతుంది, వండుకోవడం డబ్బుల కోసం కాకపోయినా ఒంటి కోసం చేయండి. సౌదీలో, కువైట్‌లో మందు చట్టరీత్యా నిషేధం, దొంగచాటుగా తయారయ్యేది తాగి జైలుకు పోయినవాళ్లను, కళ్లు పోయినవాళ్లను చూశాను. ఆ గ్యాంగ్ ఉన్న రూమ్ అయితే రూమ్ మార్చండి.

మనసు బాగాలేని రోజులు వస్తాయి. బతుకమ్మ టైంలో ఆడవాళ్ల వీడియోలు చూసి ఏడ్చిన మగాళ్లను చూశాను, నేనూ అందులో ఒకణ్ణి. నిద్ర పట్టకపోవడం రెండు మూడు వారాలు దాటితే, దేని మీదా మనసు పోకపోతే క్యాంప్ క్లినిక్‌లో చెప్పండి. దుబాయిలో మన కాన్సులేట్ నడిపే ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉంది, 800 46342కి ఎమిరేట్స్ లోపల నుంచి ఫ్రీగా చేయవచ్చు. జీతం ఆపినా, పాస్‌పోర్టు గుంజుకున్నా కూడా అక్కడే అడగవచ్చు. మిగతా దేశాల్లో ఎంబసీ నంబరు పోగానే ఫోన్‌లో సేవ్ చేసుకోండి, కష్టం వచ్చిన రోజు వెతుక్కోవడం కాదు.

కెనడా, ఆస్ట్రేలియా అని అడిగేవాళ్లకు

అడుగుతున్నారు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. కెనడాలో పవర్‌లైన్ టెక్నీషియన్ అనేది రెడ్ సీల్ (దేశమంతా చెల్లే సర్టిఫికెట్) ఉన్న ట్రేడ్, ఆస్ట్రేలియాలో లైన్‌వర్కర్ పనికి స్కిల్ అసెస్‌మెంట్ ఉంటుంది. ఐటీఐ సర్టిఫికెట్ చూసి నేరుగా పోల్ ఎక్కనివ్వరు, ఇంగ్లిష్ పరీక్ష రాయాలి, అనుభవం కాగితాల మీద రుజువు చేయాలి. దారి పొడుగు, కానీ భార్యాపిల్లలను తీసుకుపోయే అవకాశం ఉంటుంది. తుఫాను వచ్చినప్పుడు, మంచు వాన పడినప్పుడు అక్కడా రోజుల తరబడి డ్యూటీయే. గల్ఫ్‌లో ఉన్నప్పుడే ఇంగ్లిష్, కాగితాలు సిద్ధం చేసుకుంటే ముప్పై ఐదు లోపు ప్రయత్నించవచ్చు.

లీవు

రెండేళ్ల కాంట్రాక్టు, రెండేళ్లకోసారి మేడారం జాతర. మా బ్యాచ్ అంతా లీవు సమ్మక్క సారలమ్మకే పెట్టుకునేవాళ్లం, మాఘ పున్నమికి. తర్వాత తెలిసింది అది తప్పని, జాతరలో, చుట్టాల్లో, మొక్కుల్లో నెల అయిపోతుంది, పిల్లలు బడికి పోయే రోజులు అవి. ఎండాకాలం సెలవులకు పెట్టుకుంటే పిల్లలు దొరుకుతారు, పైగా అక్కడి జూన్ ఎండ కొంత తప్పుతుంది. కంపెనీ ఏడాదికి 30 రోజులు ఇస్తానంటే, టికెట్ సొంతమైనా సరే, రెండేళ్లకు 60 కంటే అదే మేలు. రెండేళ్లు పెద్ద గ్యాప్, మా చిన్నోడు నన్ను చూసి మా ఆవిడ వెనుక దాక్కున్నాడు, వాడు మామూలుగా నా దగ్గరికి రావడానికి పన్నెండు రోజులు పట్టింది. ఏడాదికోసారి వచ్చినప్పుడు మూడు రోజుల్లో వచ్చేశాడు.

ఎన్నేళ్లకు తిరిగి వచ్చేస్తారో ఒక సంవత్సరం అనుకుని, ఆ అంకె భార్యకు చెప్పండి. నేను ఏడేళ్లు అన్నాను, తొమ్మిది అయ్యింది. అంకె చెప్పకపోతే పదిహేను అయ్యేది. వచ్చాక ఏం చేయాలి అన్నది చివరి రెండు లీవుల్లోనే చూసుకోవాలి, లైసెన్స్ ఉన్న కాంట్రాక్టర్‌తో కలవడమో, ఇళ్ల మీద సోలార్ పని నేర్చుకోవడమో, నేను సోలార్ వైపు వచ్చాను.

లీవులో ఒక జాగ్రత్త. మీరు వచ్చారని ఊరికి తెలిసిన రెండో రాత్రికే ఎవరో ఒకరు తలుపు కొడతారు, ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు పోయింది, లైన్‌మన్ ఫోన్ ఎత్తుతలేడు, నువ్వు దుబాయిలో పెద్ద లైన్లు చేసినవ్ గదా, జర చూడు బాపూ అని. బావుల కాడ మోటర్లు ఆగిపోయి ఉంటాయి, కాదనడం కష్టమే. ఎల్సీ లేదు, హార్నెస్ లేదు, ఎర్త్ లేదు, చీకటి, విమానం దిగిన ఒళ్లు. మా ఊళ్లో ఏబీ స్విచ్ (ట్రాన్స్‌ఫార్మర్‌కు లైన్ తెంచే స్విచ్) మూడు బ్లేడ్లలో రెండే ఊడి, ఒకటి అతుక్కుని ఉండిపోవడం నేను కళ్లారా చూశాను. ఎక్కకండి. కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేయించండి, వాళ్లు వచ్చేదాకా కావాలంటే అరుగు మీద కూర్చుని కబుర్లు చెప్పండి, లేదంటే వెళ్లి పడుకోండి.